పోలమ్మ పికప్ కుడి స్ప్రింగు

విశాఖపట్నం ఆటోనగర్ షెడ్లలో కొత్తగా పనికి కుదిరిన వాళ్లు కొందరు మా చర్చి సంఘంలో ఉన్నారు. ఆదివారం ఆరాధన అయ్యాక బయట చెప్పులు వేసుకుంటూ నన్ను పట్టుకుంటారు. ఇంజను గురించి అడుగుతారు, గేరుబాక్సు గురించి అడుగుతారు. స్ప్రింగుల గురించి ఒక్కరూ అడగరు. అది పెద్ద విద్య కాదని వాళ్ల అభిప్రాయం. పాతది తీసి కొత్తది పెట్టడమే కదా అంటారు.

నా పని జీవితంలో సగానికి పైగా బండ్ల ముందు చక్రాల దగ్గరే గడిచింది. స్టీరింగు, బ్రేకులు, కమాన్లు, స్ప్రింగులు. దేవుడు నాకు మనుషుల్ని చూపించింది ఎక్కువగా అక్కడే. నేను ఏ సంవత్సరంలో మేస్త్రినయ్యాను, ఎవరు నాకు జీతం పెంచారు అన్న సంగతులు ఇందులో రాయను. అవి నాకే సరిగా గుర్తు లేవు, మీకు పనికి రావు. పనికొచ్చేవి రెండు మూడు ఉన్నాయి. వాటిలో పెద్దది ఒక పికప్ బండి కుడి పక్క స్ప్రింగు కథ.

బండి కింద

తొంభైల్లో మా షెడ్డుకి వచ్చే పికప్పుల్లో చాలావాటికి ముందూ వెనకా ఒకదాని మీద ఒకటి పేర్చిన కమాను పట్టీలే స్ప్రింగులు. మేము నేర్చుకున్నది వాటి మీదే. పట్టీ విరిగితే బండి ఒక పక్కకు ఒరిగిపోతుంది, విరిగిన ముక్క బయటికి వేలాడుతుంది. దారిన పోయేవాడికి కూడా కనబడుతుంది. తర్వాత ముందు చక్రాలకు చుట్టలు చుట్టిన కాయిల్ స్ప్రింగులున్న పికప్పులు వచ్చాయి. కాయిల్ స్ప్రింగు పైకి కనబడదు. పైన ఒక ఇనుప ఆర్ము, కింద ఒక ఇనుప ఆర్ము, ఆ రెండింటి నడుమ అణిగి కూర్చుని ఉంటుంది. బండి బరువంతా దాని మీదే. ఆ బరువు లేకుండా ఒక్క క్షణం వదిలితే చాలు, తుపాకి గుండులా పోతుంది.

మా పక్క షెడ్డులో ఒక విశ్వాసి ఉండేవాడు. స్ప్రింగుని జాకీతో అణచి, బైండింగు వైరు చుట్టి, ఆర్ము దించి తీశాడు. వైరు తెగింది. స్ప్రింగు పైకప్పు రేకుని చీల్చుకుని బయటపడింది. అతని తల దానికి జానెడు పక్కగా ఉంది. ఆ వారమే సంఘంలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పాడు, దేవుడు నన్ను కాపాడాడని. అందరం ఆమేన్ అన్నాం. నేనూ అన్నాను. బయటికి వచ్చాక అతన్ని పక్కకి పిలిచి, ఇంకెప్పుడూ వైరు కట్టవు కదా బావా అని అడిగాను. కట్టనని చేతిలో చెయ్యి వేశాడు. నా ఆమేన్ పూర్తయింది అప్పుడే.

నేను పని మొదలుపెట్టే ముందు ప్రార్థన చేసుకునేవాణ్ణి. ఇప్పటికీ ఏ పనికైనా చేసుకుంటాను. కానీ ప్రార్థన చేశాను కదా అని స్టాండ్లు పెట్టకుండా బండి కిందికి ఎన్నడూ దూరలేదు. మనకి చేతులిచ్చినవాడు ఆ చేతులు చెయ్యాల్సిన పని కూడా ఆయనే చెయ్యాలనుకోవడం భక్తి కాదు, బద్ధకం.

సుబ్బరాజు గారు

షెడ్డు యజమాని సుబ్బరాజు గారు గోదావరి జిల్లా నుంచి వచ్చినాయన. స్టీలు ప్లాంటు కడుతున్న రోజుల్లో కాంట్రాక్టు లారీలతో వచ్చి, ఆ పని అయిపోయాక ఆటోనగర్‌లో షెడ్డు వేసుకున్నారు. ఆయన దగ్గర నేను చాలా నేర్చుకున్నాను. స్ప్రింగు అణిచే పనిముట్టు బజారులో దొరకని రోజుల్లో, లేతు పట్టించి లావుపాటి మరబోల్టు, దానికి రెండు కొక్కేల పలకలు చేయించి ఇచ్చింది ఆయనే. పక్క షెడ్డులో రేకు చిరిగిన మర్నాడే చేయించారు. మనిషి ప్రాణం విషయంలో ఆయన పిసినారి కాదు.

ఆయన లోపం వేరు. వచ్చిన మనిషికి కాదని చెప్పలేరు. అది తప్పండీ, అలా కుదరదండీ అనే మాట ఆయన నోట రాదు. ఆయ్, చేసేద్దామండి అంటారు. బండి మీద రేకు కట్టమంటే కడతారు, అక్కర్లేని చోట కొక్కెం వెయ్యమంటే వేస్తారు. మంచి యజమాని అంటే వచ్చినవాడు అడిగింది చేసేవాడని అప్పట్లో నేనూ అనుకునేవాణ్ణి. ఇప్పుడు అనుకోను. అడిగినదాని వల్ల ముందు ముందు ఏమవుతుందో చెప్పినవాడే మంచి యజమాని. వచ్చినవాడు పక్క షెడ్డుకి పోయినా సరే.

పోలమ్మ

పోలమ్మ చేపల వ్యాపారి. సముద్రం ఒడ్డున పుట్టిన మనిషి. తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్‌లో వేలంపాటలో చేపలు పాడుకుని, ఐసు కొట్టించి, పికప్‌లో ఆనందపురం జంక్షనుకి పంపేది. అక్కడి నుంచి పై ఊళ్ల వాళ్లు పట్టుకెళ్లేవారు. ఆ పికప్ ఆవిడ సొంతం. పాతదే కొంది. సిటీకి ఆ చివర నుంచి మా దగ్గరికి వచ్చేది ఎందుకంటే కాయిల్ స్ప్రింగుల పని తెలిసిన షెడ్లు అప్పట్లో తక్కువ.

రిపేరు అయిన ప్రతిసారీ ముందు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టించి, కొబ్బరికాయ కొట్టాకే బండి కదిలించేది. ఆ సమయానికి నేను చేతులు కడుక్కునే నెపంతో కుళాయి దగ్గరికి పోయేవాణ్ణి. ఆవిడ కనిపెట్టింది.

"మేస్త్రి బాబూ, నిమ్మకాయ సప్పుడింటే మీ యేసు బాబు కోప్పడతాడేటి?" అని అడిగింది ఒకసారి.

"దానికి కోప్పడడు పోలమ్మా. నట్టు వదులుగా ఒగ్గేస్తే కోప్పడతాడు," అన్నాను.

ఆవిడ చాలాసేపు నవ్వింది. ఆ తర్వాత నేను కుళాయి దగ్గర నుంచి తిరిగి వచ్చేదాకా బండి ఎక్కేది కాదు. నేను నట్లు మరోసారి చూసి, సరే అన్నాకే పోయేది. మా మధ్య అంతే ఉండేది. ఆవిడ దేవతని నేనేమీ అనలేదు, నా దేవుణ్ణి ఆవిడేమీ అనలేదు.

ఆ బండి డ్రైవరు నూకరాజు. పోలమ్మ చెల్లెలి భర్త. ఒకప్పుడు బాగా తాగేవాడు. భార్య పిల్లల్ని తీసుకుని అక్క ఇంటికి వచ్చేసింది కూడా. తర్వాత మానేశాడు. పోలమ్మ అతన్ని అమ్మవారి ముందు నిలబెట్టి ఒట్టు వేయించి, చెల్లెల్ని పంపించి, బండి తాళం చేతిలో పెట్టింది. ఈ సంగతి హార్బర్‌లో అందరికీ తెలుసు. అదే అతనికి కష్టం. తాగడం మానేసినవాడి మీద నలుగురి కళ్లూ ఉంటాయి. మా సంఘంలోనూ చూశాను. తాగుడు మానేశానని ఒకడు సాక్ష్యం చెబితే ఆదివారం అందరం సంతోషిస్తాం. సోమవారం వాడి నడకలో తేడా వెతుకుతాం.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఆ బండి ముందు కుడి స్ప్రింగు విరిగింది. బండికి వయసు అయింది కదా అనుకున్నాం. ఒక పక్కదే విరిగినా రెండు పక్కలా మార్చాలి. లేకపోతే కొత్తది ఎత్తుగా, పాతది కుంగి ఉండి బండి ఒక పక్కకు లాగుతుంది. రెండూ కొత్తవి వేశాం. వానాకాలం గడిచిందో లేదో మళ్లీ విరిగింది. మళ్లీ కుడిదే. ఎడమది కొత్తదానిలాగే ఉంది.

ఆ రోజు హార్బర్‌లో ఏం జరిగిందో తర్వాత తెలిసింది. సరుకు ఎత్తుతుండగా బండి కుడి పక్కకు కూలబడింది. పోలమ్మ పాట సగంలో వదిలేసి వచ్చి, అందరి ముందూ నూకరాజు చేతిలోంచి తాళం లాక్కుంది. తాగి గోతుల్లో తోలుతున్నావు, రెండు మాట్లు ఇరగ్గొట్టినావు, నీ బతుకు మారదు అంది. చుట్టూ ఉన్నవాళ్లలో ఒకరు కూడా కాదనలేదు. అందరూ మనసులో అదే అనుకున్నారు.

ఇంకో డ్రైవరుతో బండిని మెల్లగా తోలించుకుంటూ షెడ్డుకి తెచ్చింది. నూకరాజు బస్సులో వెనకాల వచ్చాడు. ఎవరూ రమ్మనలేదు. షెడ్డు గేటు దగ్గర రేకుకి ఆనుకుని నిలబడ్డాడు, లోపలికి రాలేదు.

పోలమ్మ నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"సామేలు బాబూ, నువ్వు అబద్దమాడవని మీవోళ్లూ సెప్తారు, మావోళ్లూ సెప్తారు. గోతిలో దించి ఇరగ్గొట్టినాడా, నేదా? అదొక్కటీ సెప్పు."

"తీసి సూడకుండా ఎలా సెప్తాను?"

"సూడు. తాగి ఇరగ్గొట్టినాడని తేలితే తాళం ఒక్కటే కాదు. నా సెల్లినీ పిల్లల్నీ మళ్లీ నా ఇంటికి తెచ్చీసుకుంతాను. ఈసారి ఈడి గుమ్మం తొక్కనివ్వను."

ఆవిడ గట్టిగా అనలేదు. ఆ మాట గేటు దాకా వినబడింది మాత్రం. నూకరాజు తల వంచుకున్నాడు.

విరిగిన చోటు

నేను పానాలు తెచ్చుకుంటుంటే సుబ్బరాజు గారు నన్ను ఆఫీసు గదిలోకి పిలిచారు. పొద్దున పోలమ్మ ఫోను చేసినప్పుడు ఆయన అప్పుడే ఒక మాట అనేశారట, డ్రైవరు దూకుడుగా తోలి ఉంటాడండీ అని. మనం వేసిన స్ప్రింగు ఒక్క వానాకాలం ఆగలేదంటే షెడ్డు పేరు పోతుంది. డ్రైవరు మీదికి పోతే ఆ బాధ ఉండదు.

"ఆవిడా అదే అనుకుంటోంది. అతనికీ ఆ పేరు ఉన్నదేనండి. మనం కొత్తగా వేసే నింద ఏమీ లేదు," అన్నారు.

నేను చిన్నప్పటి నుంచి విన్న ఆజ్ఞల్లో పొరుగువాడి మీద అబద్ధ సాక్ష్యం చెప్పవద్దనేది ఒకటి. చెడ్డపేరు ఉన్న పొరుగువాడి మీద చెప్పవచ్చని అందులో ఎక్కడా లేదు. ఆ మాట ఆయనతో అనలేదు. ముందు తీసి చూస్తానండి అని బయటికి వచ్చాను.

వెనక చక్రాలకు అడ్డులు పెట్టాను. చక్రం నట్లు నేల మీదే వదులు చేసి, బండిని ఎత్తి, ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టాను. చక్రం తీశాను. కింది ఆర్ముకి జాకీ ఆనించి, మా మరబోల్టుతో స్ప్రింగుని అణిచి, ఆర్ముని చక్రానికి కలిపే బాల్ జాయింటు విడగొట్టి, ఆర్ముని మెల్లగా దించాను. ఈ పనిలో తొందరపడ్డవాణ్ణి నేను ముసలివాడిగా చూడలేదు.

స్ప్రింగు అడుగు చుట్టు విరిగి ఉంది. చిన్న ముక్క ఆర్ము మీది గిన్నెలోనే ఉండిపోయింది. స్ప్రింగు కూర్చునే లోతైన చోటుని మేము గిన్నె అంటాం. ఆ ముక్క తీసి వెలుతురులోకి తెచ్చాను.

ఇది మీరు గుర్తు పెట్టుకోండి. ఇనుము ఒక్క దెబ్బకు విరిగితే, విరిగిన చోటంతా ఉప్పురాయి పగలగొట్టినట్టు కొత్తగా మెరుస్తుంది. ఇది అలా లేదు. విరిగిన చోటులో చాలా భాగం తుప్పుతో నల్లబడి ఉంది. ఒక అంచున మాత్రం నెలవంకంత కొత్త మెరుపు ఉంది. అంటే పగులు ఎప్పుడో మొదలైంది. లోపలికి కొంచెం కొంచెంగా పోయింది. పగిలిన చోట తుప్పు పట్టడానికి కూడా సమయం దొరికింది. ఆ నెలవంకంత ఇనుము మీదే ఆ బండి కొన్నాళ్లు నడిచింది. ఆ రోజు అది కూడా తెగింది. గోయి అక్కర్లేదు. ఒక ఐసు బుట్ట ఎత్తినా తెగేదే.

గిన్నెలో వేలు పెట్టి చూశాను. అడుగున తెల్లగా ఉప్పు పేరుకుంది. నీరు పోయే చిల్లు చేప పొలుసులతో, మట్టితో మూసుకుపోయింది. ఎడమ పక్క గిన్నె చూశాను. పొడిగా ఉంది. విశాఖపట్నంలో గాలికే ఇనుము తుప్పు పడుతుంది, అది మనకు కొత్త కాదు. కానీ గాలి రెండు పక్కలా ఒకటే. ఇది గాలి చేసిన పని కాదు.

తల ఎత్తి చూస్తే కనబడింది. కుడి చక్రం వెనక, మడ్గార్డు లోపల, కొక్కేనికి ఒక డబ్బా వేలాడుతోంది. ఐసు పెట్టె నుంచి రబ్బరు గొట్టం ఛాసిస్ పక్కన తాడుతో కట్టుకుంటూ వచ్చి ఆ డబ్బాలో పడుతోంది.

కొక్కెం

ఆ డబ్బా కథ ఇది. పికప్ వెనక నుంచి చేపల నీళ్లు కారుతుంటే ఆనందపురం దారిలో హనుమంతువాక దగ్గర స్కూటర్ల వాళ్లు జారిపడుతున్నామని తిట్టేవారు. ట్రాఫిక్ వాళ్లు ఆపేవారు. అందుకని పోలమ్మ నీళ్లను గొట్టంతో ముందుకు తెప్పించి, డబ్బాలో పట్టాలనుకుంది. డబ్బా డ్రైవరు తలుపుకి దగ్గరగా ఉంటే నూకరాజు ఆగిన చోట దిగి ఒంపేస్తాడు. ఆలోచన మంచిదే. రోడ్డు మీద మనుషుల గురించి ఆలోచించింది. కానీ నిండిన డబ్బా కుదుపుకి చిమ్ముతుంది. చిమ్మిన ఉప్పునీరు నేరుగా స్ప్రింగు గిన్నెలో పడుతుంది.

ఆ కొక్కెం వేసింది మా షెడ్డే. మొదటిసారి స్ప్రింగులు మార్చిన కొన్నాళ్లకి, నేను స్టీలు ప్లాంటు వైపు ఒక బండి పని మీద వెళ్లిన రోజున, ఆవిడ అడిగితే సుబ్బరాజు గారు మా వెల్డరు చేత వేయించారు.

ఆయన నా వెనక వచ్చి నిలబడ్డారు. నేను కొక్కేన్నే చూస్తున్నానని ఆయనకు అర్థమైంది.

"ఆవిడే వెయ్యమందండి," అన్నారు మెల్లగా.

"అవునండి. మనం వేశాం."

 నేను పోలమ్మని పిలిచాను. గేటు దగ్గరున్న నూకరాజుని కూడా రమ్మన్నాను. అతను రాలేదు. అక్కడి నుంచే చూస్తానన్నాడు.

డబ్బా నిండా కుళాయి నీళ్లు పోసి కొక్కేనికి తగిలించాను. గోతుల్లో కుదిపినట్టు డబ్బాని ఊపమని పోలమ్మతోనే అన్నాను. ఆవిడ బలమైన మనిషి. రెండుసార్లు ఊపింది. నీళ్లు చిమ్మి గిన్నెలో పడి, చిల్లు మూసుకుపోవడంతో అక్కడే నిలిచాయి. ఆవిడ చెయ్యి డబ్బా మీదే ఉండిపోయింది.

విరిగిన ముక్క ఆవిడ చేతిలో పెట్టి, నల్లబడిన భాగం, మెరిసే భాగం చూపించాను.

"పోలమ్మా, ఈడు తాగినాడో నేదో నాకు తెలీదు. అది ఈ ఇనుము సెప్పదు, నానూ సెప్పను. ఇది మాత్రం గోతిలో పడి ఇరగనేదు. ఉప్పునీరు తినేసింది. డబ్బా కట్టించింది నువ్వు, కొక్కెం ఏసింది మేము. నూకరాజు సేసిందల్లా డబ్బా ఒంపడమే."

సుబ్బరాజు గారు కోప్పడతారనుకున్నాను. ఆయన ముందుకు వచ్చి, "ఆయ్, ఆ కొక్కెం మాదేనండి. పొద్దున ఫోనులో నేనన్న మాట తప్పండి," అన్నారు. కాదని ఎవరికీ చెప్పలేని మనిషి ఆ రోజు తన మాటనే కాదనుకున్నారు. ఆయన మీద నాకున్న గౌరవం ఆ రోజుదే.

కొత్తవాళ్లకి నేను చెప్పేది ఇదే. తప్పు ఎవరిదని మనల్ని అడుగుతారు. మీ చేతిలో ఉన్న ఇనుము ఏం చెబుతుందో అంతవరకే చెప్పండి. ఒక్క మాట తక్కువ చెప్పినా, ఒక్క మాట ఎక్కువ చెప్పినా, ఎక్కడో ఒక ఇంట్లో పొయ్యి ఆరిపోతుంది.

సీటు

గిన్నె గీకి, చిల్లు తెరిచి, తుప్పు పట్టకుండా రెడాక్సైడ్ పూసి ఆరబెట్టాను. కొక్కెం కోసేశాం. నీళ్లు పట్టడానికి మూతి బిగుతుగా ఉన్న ప్లాస్టిక్ డ్రమ్ము బండి తొట్టిలోనే ఒక మూల బిగించాం. కొత్త స్ప్రింగులు రెండు పక్కలా ఎక్కించాను. స్ప్రింగు కొన గిన్నెలోని గాడిలో సరిగ్గా కూర్చోవాలి. వేలితో తడిమి చూసుకున్నాను. చక్రాలు వేసి బండిని నేల మీదికి దించాను.

ఇక ఆర్ము బోల్టుల చివరి బిగింపు మిగిలింది. దాన్ని బండి గాలిలో ఉండగా చెయ్యకూడదు. ఆర్ము మొదట్లో రబ్బరు బుష్షులు ఉంటాయి. ఆర్ము కిందికి వేలాడుతున్నప్పుడు బిగిస్తే, బండి దిగాక ఆ రబ్బరు మెలి తిరిగి ఉంటుంది, కొన్నాళ్లకే చిరిగిపోతుంది. బండి తన చక్రాల మీద, తన బరువుతో నిలబడాలి. నేను ఇంకా ఒకటి చేసేవాణ్ణి. రోజూ నడిపే డ్రైవర్నే సీట్లో కూర్చోబెట్టి బిగించేవాణ్ణి.

నూకరాజుని ఎక్కమన్నాను.

అతను గేటు నుంచి నాలుగడుగులు లోపలికి వచ్చి ఆగాడు. "నాను ఎక్కను మేస్త్రి బాబూ," అన్నాడు.

పోలమ్మ తాళం అతని వైపు చాపింది. అతను తీసుకోలేదు.

"రేవులో అందరి ముందరా లాక్కున్నావు. తాగుబోతునన్నావు. ఇక్కడ ముగ్గురి ముందర ఇచ్చేస్తే సరిపోద్దేటి? రేపు నాను బండేసుకుని ఎల్తే ఆళ్లందరూ ఏటనుకుంతారు? సెల్లి ఏడిసింది కామోసు, జాలిపడి ఇచ్చీసింది అనుకుంతారు. నా కూతురు ఆ రేవులోనే బళ్లోకి ఎల్తాది."

 సుబ్బరాజు గారు వాతావరణం తేలికపరుద్దామని, సీట్లో బరువే కదండి కావాలి, నేను కూర్చుంటాను అన్నారు. ఆయన నూకరాజుకి రెట్టింపు ఉంటారు.

"మీ బరువుకి బిగిస్తే రేపటి నుంచి సేపలు మీరే తోలాలండి," అన్నాను.

ఆయన నవ్వారు. పోలమ్మ నవ్వలేదు. తాళం కొంగున ముడి వేసుకుంది. విరిగిన ముక్కని తన బుట్టలో వేసుకుని, బండి ఇలాగే ఉండనిమ్మని నాతో అంది. తెల్లారి రేవుకి రాగలవా అని అడిగింది. వస్తానన్నాను.

రేవులో

మర్నాడు మొదటి బస్సుకి వెళ్లాను. పడవలు వచ్చేశాయి. తడి నేల మీద కుప్పలు పోసి ఉన్నాయి. వేలంపాట పెట్టేవాడు ఒక్కో కుప్ప దగ్గర ఆగి కేక వేస్తున్నాడు, చుట్టూ ఆడవాళ్లు బుట్టలతో మూగుతున్నారు. నూకరాజు ఐసు మర గోడ పక్కన నిలబడి ఉన్నాడు. పోలమ్మే కబురు పెట్టి రప్పించిందట.

ఒక కుప్ప పాట ముగిసి, ఆ చోటు ఖాళీ కాగానే పోలమ్మ ముందుకు వచ్చి, బుట్టలోంచి ఇనుప ముక్క తీసి ఆ తడి నేల మీద పెట్టింది.

జనం నవ్వారు. పాటగాడు వంగి చూసి, "ఇదేటి సేపే పోలమ్మా? దీనికెంత పాట?" అన్నాడు.

"దీనికి పాట నేదు. ఇనండి."

నవ్వులు ఆగేదాకా ఆవిడ ఆగింది.

"నూకరాజు తాగి దీన్ని ఇరగ్గొట్టినాడని ఇక్కడే నిలబడి అన్నాను. మీరందరూ ఇన్నారు. ఆడు ఇరగ్గొట్టనేదు. నా సేపల నీళ్లు కారి తినేసినాయి. ఆ డబ్బా కట్టించింది నాను. ఆడి మీద ఏసిన మాట మీ అందరి ముందరా ఎనక్కి తీసుకుంతన్నాను. మేస్త్రి ఇక్కడే ఉన్నాడు, అనుమానం ఉన్నోళ్లు అడగండి."

నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. ఒక ముసలావిడ మాత్రం ముక్క చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, పక్కనున్నావిడకి ఇచ్చింది. అది అలా చేతులు మారుతూ కొంతదూరం పోయింది.

మా సంఘంలో ఎన్నో సాక్ష్యాలు విన్నాను. నేను చెప్పినవీ ఉన్నాయి. మన తప్పుల్ని మనల్ని ప్రేమించేవాళ్ల మధ్య ఒప్పుకుంటాం, వాళ్లు క్షమిస్తారని తెలిసే ఒప్పుకుంటాం. పోలమ్మ రేపటి నుంచి తనతో పోటీగా పాట పాడేవాళ్ల మధ్య నిలబడి ఒప్పుకుంది. ఆవిడ మొక్కే దేవత వేరు. అయినా ఆ రోజు ఆవిడ మాట విని నేను తల వంచాను. ప్రార్థనలో వంచినట్టే వంచాను.

పోలమ్మ కొంగు ముడి విప్పి తాళం తీసింది. నూకరాజు గోడ దగ్గర నుంచి వచ్చి తీసుకున్నాడు.  ఆవిడ పాటగాడి వైపు తిరిగి, ఇంక కానీ అంది. తర్వాతి కుప్ప దగ్గర కేక మొదలైంది.

ఆ రోజు సరుకు ఇంకెవరి బండిలోనో పంపారు. నూకరాజు బుట్టలన్నీ ఎత్తించి, చేతులు కడుక్కుని నా దగ్గరికి వచ్చాడు.

"సీట్లో కూకోవాలన్నావు కదా. పద బాబూ."

ఇద్దరం బస్సెక్కి గాజువాకలో దిగి ఆటోనగర్‌కి నడిచాం.  షెడ్డులో బండి నేను వదిలిన చోటే ఉంది. అతను తలుపు తీసి, ఎక్కి, స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి నిటారుగా కూర్చున్నాడు. బండి ముందు భాగం కొంచెం దిగి, కుదురుకుంది. నేను కిందికి దూరి ఆర్ము బోల్టులు ఒక్కొక్కటే బిగించాను.